నేను శుభ్రం చేసిన ఏరు

ఫోను మీద వేలు అటొకసారి ఇటొకసారి ఆడించి మొహం మీది మొటిమలను మాయం చేసుకునే పిల్లలారా, మీరు పుట్టకముందు ఆ పని ఒక మనిషి కూర్చుని చేసేవాడు. నరసరావుపేటలో ఆ మనిషిని నేనే. ఫొటో స్టూడియోలో టచింగ్ ఆర్టిస్టుని. పేరు విని నా పని గుండెలకు తగిలేదనుకునేరు, అది తగిలేది మొహాలకే. మొదట్లో పెన్సిలు, సన్న బ్రష్షు, భూతద్దం. తరవాత కంప్యూటరు, మౌసు. పనిముట్లు మారాయి గాని పని మారలేదు. ఉన్నది తీసెయ్యడం, లేనిది పెట్టడం. పల్నాడు గోడల మీద ఇంతమంది మచ్చలేని మనుషులు వేలాడుతున్నారంటే అందులో నా చెయ్యి ఉందని వినయంగా మనవి చేసుకుంటున్నాను.

మా వైపు ఇంకో ఆనవాయితీ ఉండేది. బతికుండగా ఒక్క ఫొటో కూడా దిగని పెద్దవాళ్ళు పోతే, పాడె కట్టేలోపు వాళ్ళను కుర్చీలో కూర్చోబెట్టి ఒక ఫొటో తీయించేవాళ్ళు. దాన్ని మా దగ్గరికి తెచ్చి, కళ్ళు తెరిపించమని అడిగేవాళ్ళు. తెరిపించేవాణ్ణి. కొడుకు కళ్ళు చూసి తండ్రికి, మనవరాలి కళ్ళు చూసి నాయనమ్మకి పెట్టేవాణ్ణి. చూసి ఏడ్చేవాళ్ళు, నాకు దణ్ణం పెట్టేవాళ్ళు. అంతమందికి కళ్ళు తెరిపించినవాణ్ణి, నా కళ్ళు తెరుచుకోవడానికి మాత్రం రిటైరయ్యే సమయం దగ్గరపడేదాకా ఆగవలసి వచ్చింది. ఆ సంగతే చెప్పబోతున్నాను.

అప్పటికి నేను పనిచేస్తున్న స్టూడియోకి రెండో తరం ఓనరు వచ్చాడు. నాకంటే చిన్నవాడు, నన్ను "ఆర్టిస్టుగారూ" అనేవాడు. మంచివాడే. కాకపోతే పెళ్ళిళ్ళ సీజనులో ఎవరు ఏం చెప్పినా సగమే వినేవాడు. మిగతా సగం ఆల్బం డిజైన్లలోకి పోయేది. అలాంటి రోజుల్లో ఒకనాడు నేను టీకి వెళ్ళొచ్చేసరికి నా బల్ల మీద ఒక పాత ఫొటో ఉంది. పెద్దది చెయ్యాలంట, ఏదో సభలో పెడతారంట, నీట్‌గా ఉండాలన్నాడు ఓనరు.

నలుపు తెలుపు ఫొటో, పోస్టుకార్డంత. ఒక మూల నుంచి మధ్యదాకా పగులు. ఏరు వంపు తిరిగేచోట తీసినట్టుంది. ఇటు గట్టున నాపరాతి బండలు, అటు గట్టున తాడిచెట్లు. గట్టుకు కట్టేసిన, ఏరు దాటే ఒక ఖాళీ పుట్టి. ఒక పక్కన నిలబడి నీళ్ళ వంక చూస్తున్న నలుగురు మనుషులు. అందులో ఒక ఆడమనిషి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. మిగతావాళ్ళ మూతుల మీద తువ్వాళ్ళు. ఆకాశంలో ఒక్క పిట్ట లేదు. నీళ్ళ నిండా మాత్రం తెల్లటి చుక్కలు.

తెల్లటి చుక్కలంటే మా వృత్తిలో ఒకటే అర్థం. దుమ్ము, లేదా బూజు. చెమ్మ తగిలిన పాత ఫొటోలకు చికెన్ పాక్స్ వచ్చినట్టు వస్తాయవి. మామూలుగా చుక్కలు ఫొటో అంతటా వస్తాయి, ఇక్కడ నీళ్ళ మీదే ఎందుకున్నాయని అనుమానం రావలసింది. రాలేదు. ఏటి దగ్గర తీసిన ఫొటో కాబట్టి నీళ్ళ దగ్గరే చెమ్మ తగిలిందని అనుకునేంత తెలివి నాది.

మా పనిలో ఒక చిత్రం ఉంది. తెర మీద బొమ్మను బాగా పెద్దది చేసుకుని, గోరంత గోరంత ముక్కల్ని తీసుకుని తుడుస్తాం. అంత దగ్గర్నుంచి చూస్తే ఏదీ ఏదిలానూ కనిపించదు. ముక్కు ముక్కులా ఉండదు, చెట్టు చెట్టులా ఉండదు, అన్నీ బూడిదరంగు పలకలే. మరీ దూరం నుంచి చూస్తే అన్నీ కలిసిపోయి మెరుపులా ఉంటుంది. ఆ రెండింటికీ మధ్య ఎక్కడో ఒకచోట ఆగి చూస్తే తప్ప అసలు సంగతి తెలియదు. నేను ఎప్పుడూ ఆ మధ్యలో ఆగలేదు. ఒక్కొక్క చుక్కనీ పట్టుకుని, పక్కనున్న నీటిరంగు తెచ్చి దాని మీద అద్ది, ఏటిలోంచి ఏరి పారేశాను. నీట్‌గా అన్నాడు కదా, నీటిని నీట్‌గా చేశాను. పనిలో పనిగా, మాసిపోయిన ఆ ఆడమనిషి కొంగు అంచుకి మెరుగు పెట్టాను. తువ్వాళ్ళ మడతలు కూడా తేల్చాను. మనుషులంటే నాకు మొదట్నుంచీ ఇష్టం.

పూర్తయ్యాక చూస్తే, నేను చేసింది నేనే నమ్మలేకపోయాను. అద్దంలాంటి ఏరు. మా ఓనరు ముచ్చటపడి ఒక కాపీ ఫ్రేము కట్టించి బయటి అద్దాల బీరువాలో పెట్టాడు. వచ్చినవాళ్ళందరూ దాని ముందు ఆగేవాళ్ళు. ఆగినవాళ్ళకు వ్యాఖ్యానం నాది. ఖాళీ పుట్టి అంటే జీవితమనీ, ఆ కొంగు చాటున ఉన్నది మన పల్లెటూరి సిగ్గనీ, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకోవడమంటే ప్రకృతి ముందు మనిషి మౌనమనీ, పిట్ట లేని ఆకాశం ప్రశాంతత అనీ చెప్పేవాణ్ణి. ఫ్లెక్సీలు డిజైన్ చేసే ఒకాయన ఆ వ్యాఖ్యానమంతా శ్రద్ధగా విని, ఈ బొమ్మ తనకూ కావాలని అడిగాడు. ఓనరు పెన్‌డ్రైవులో వేసి ఇచ్చాడు. ఎవరి కోసమని నేను అడగలేదు. కొత్త బొమ్మ పెట్టుకోవడానికి సిస్టంలో జాగా లేదని, నేను పని మొదలుపెట్టిన మొదటి స్కానుని ఓనరు చెరిపేశాడు. దాన్నీ నేను పట్టించుకోలేదు.

ఆ తరవాత ఆ ఫొటో తాలూకు మనిషి వచ్చింది. గురజాల అవతల ఏటి గట్టునున్న ఊళ్ళో జాకెట్లు కుట్టే ఆవిడ. వాళ్ళ నాయన పొలాల్లో మందు కొట్టే పంపులు బాగుచేసే మెకానిక్కట. చానా ఏళ్ళ కిందట ఆయనే ఎవరి దగ్గరో కెమెరా అడిగి తెచ్చి తీసిన ఫొటో అది. ఆయన పోయాడు. ఈవిడకు యాభై దాటి ఉంటాయి. నన్ను బాబాయ్ అని పిలిచింది.

నా బొమ్మను చేతికిచ్చి, ఆవిడ మొహంలో వెలుగు కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాను. అలా ఎదురుచూడడం నా బలహీనత. ఆవిడ ఫొటోని ఎంతసేపు చూసిందో. చివరికి తలెత్తి అడిగింది.

"బాబాయ్, చేపలేయి?"

"ఏం చేపలమ్మా?"

"నీళ్ళ మీద చచ్చిన చేపలుండాలి గదా. తెల్లగా, ఏరు నిండా. ఏయి అయ్యి?"

నేను నవ్వబోయాను. నవ్వు సగంలో ఆగిపోయింది. పాత ఫొటో తీసి, భూతద్దం పట్టుకుని, ఈసారి దగ్గరగా కాదు, మరీ దూరంగానూ కాదు, మోచెయ్యి వంచినంత దూరంలో పెట్టి చూశాను. ప్రతి చుక్కకీ ఒక తోక ఉంది. ప్రతి చుక్కా ఒక పొట్ట. ఏటి ఈ గట్టు నుంచి ఆ గట్టుదాకా పొట్టలు పైకి పెట్టుకుని తేలుతున్నాయి. వాటి మధ్య నీళ్ళే చుక్కల్లా ఉన్నాయి. శవాల మొహాలతో ఏళ్ళకేళ్ళు పనిచేసినవాణ్ణి, ఏనాడూ చూపు తిప్పుకోలేదు. ఆ రోజు భూతద్దం బల్ల మీద బోర్లించేశాను.

ఆవిడ కూర్చుని మెల్లగా చెప్పింది. పత్తికి విపరీతంగా మందులు కొట్టిన రోజులట. ఎగువన ఎవరో పురుగుమందు డ్రమ్ములు ఏటిలో కడిగారు. ఎవరన్నది ఇప్పటికీ తెలియదు. తెల్లారేసరికి వంపు దగ్గర చేపలు తేలాయి. వాటి మీదికి కొంగలు కూడా దిగలేదు. మెకానిక్కు కాబట్టి వాళ్ళ నాయన వాసన పట్టాడు, ముట్టుకోవద్దని గట్టు వెంట అరుచుకుంటూ తిరిగాడు. అయినా కొందరు గంపలు తెచ్చారు.

"గంపలు తెచ్చినోళ్ళలో మా మేనత్త ఉంది, బాబాయ్," అని అక్కడితో ఆపేసింది.

ఇప్పుడు సరిగ్గా ఆ వంపు దగ్గరే పురుగుమందులు కలిపి సీసాల్లో నింపే ఫ్యాక్టరీ వస్తుందట. దాని మీద ప్రజల అభిప్రాయం వినడానికి అధికారులు ఊళ్ళోకి వస్తున్నారు. ఆవిడ చేతిలో ఉన్నదల్లా ఆ పోస్టుకార్డంత ఫొటో. దాన్ని అందరికీ కనిపించేటట్టు పెద్దది చేసి చూపించాలి. పగులు పూడ్చండి, ఇంకేం ముట్టుకోవద్దు అని ఆవిడ మా ఓనరుకు చెప్పిందట. ఆయన విన్న సగంలో రెండో ముక్క లేదు.

మళ్ళీ స్కాను చేశాను. పగులు మాత్రమే పూడ్చాను, చేపలను చేపల్లాగే ఉంచాను. తెర మీద వాటిని చూస్తూ పనిచెయ్యడం నా వల్ల కాక మధ్యలో రెండుసార్లు లేచి బయటికి వెళ్ళాను. ఫొటో ఇస్తుంటే ఆవిడ, సభకు మీరూ రండి బాబాయ్, ఎవరన్నా అడిగితే చెబుదురుగాని అంది. ఒప్పుకున్నాను. అప్పటికీ నా బుర్రలో, జరిగిన పొరపాటు దిద్దేశాననీ సంగతి అయిపోయిందనీ తృప్తి.

సభ రోజున గురజాల బస్సెక్కి, అక్కడ ఆటో పట్టుకుని ఆ ఊరు చేరాను. బడి ఆవరణలో షామియానా. జనం బాగానే వచ్చారు. ముందు వరసలో ఉద్యోగాలు వస్తాయన్న ఆశ, వెనక వరసలో ఏమొస్తుందోనన్న భయం కూర్చున్నట్టుంది. నేను వేదిక వంక చూసి అక్కడే నిలబడిపోయాను.

అధికారుల కుర్చీల వెనక, వేదిక ఈ కొస నుంచి ఆ కొసదాకా, నా ఏరు. చేపలు లేని ఏరు. నేను అద్దిన నీళ్ళు, నేను తేల్చిన కొంగు, నేను జీవితమని చెప్పిన పుట్టి. దాని మీద పెద్ద అక్షరాల్లో, నదిని కాపాడుకుందాం, ప్రగతిని పంచుకుందాం అని రాసి ఉంది. కంపెనీవాళ్ళు కట్టించిన ఫ్లెక్సీ. పెన్‌డ్రైవు ఎక్కడికి పోయిందో నాకప్పుడు తెలిసింది. ఎవరో మంచినీళ్ళ ప్యాకెట్ ఇచ్చారు. తాగలేక చేత్తో పట్టుకుని కూర్చున్నాను.

ఆవిడ వంతు వచ్చింది. లేచి, తన ఫొటోని ఇద్దరు ఆడవాళ్ళ చేత పట్టించి, జరిగింది జరిగినట్టు చెప్పింది. జనం ఆ ఫొటో వంక చూశారు, వేదిక మీది ఫ్లెక్సీ వంక చూశారు. అదే ఏరు, అదే పుట్టి, అదే నలుగురు. ఒకదాంట్లో చేపలు, ఒకదాంట్లో లేవు.

కంపెనీ తరఫున వచ్చినవాడు కుర్రాడు, మర్యాదస్తుడు. మైకు తీసుకుని చిరునవ్వుతోనే మాట్లాడాడు. "మేడం, మీ బాధ మాకు అర్థమైంది. కానీ ఈ రోజుల్లో కంప్యూటర్లో చేపలేంటి, తిమింగలాన్ని కూడా పెట్టొచ్చు."

జనం నవ్వారు. మధ్య వరసలోంచి ఒక పెద్దాయన, కొడుకుకి ఫ్యాక్టరీలో వాచ్‌మన్ ఉద్యోగం ఇస్తామని మాట తీసుకున్నవాడట, ఎగతాళిగా అన్నాడు. "ఏమ్మే, ఈ చేపల్ని మిషన్ మీద కుట్టావా ఏంది?"

ఆవిడ పోస్టుకార్డంత అసలు ఫొటో తీసి చూపించింది. అది చేతులు మారింది. పాత కాయితం మీద కూడా ప్రింటు తియ్యొచ్చు కదా అన్నాడు కంపెనీ కుర్రాడు. ఆ మాటకు చాలామంది తలలు ఊపారు. ఊళ్ళో పెద్ద వయసువాళ్ళు ఉన్నారు, వాళ్ళకు తెలియకపోదు. కానీ గుర్తున్నవాళ్ళకు ఉద్యోగాలు కావాలి, గుర్తులేనివాళ్ళకు ఋజువు కావాలి. ఆవిడ నిలబడే ఉంది. పుట్టి పెరిగిన ఊళ్ళో, తండ్రి చేతి ఫొటో పట్టుకుని, అబద్ధాలకోరులా. అసలు అబద్ధాన్ని అందంగా తయారుచేసి వేదిక ఎక్కించింది మాత్రం నేను.

లేచాను. నాకు సభల్లో మాట్లాడే అలవాటు లేదు. "అయ్యా, ఆ వెనక కట్టింది నేను చేసిన బొమ్మ. అందులో చేపలుండేవి. బూజనుకుని నేనే తీసేశాను. ఆవిడ చేతిలో ఉన్నదే అసలుది," అని కూర్చోబోయాను.

నాకు సాయం చెయ్యాలని ఇంకొకాయన లేచాడు. ఆ సాయం నేను చచ్చేదాకా మర్చిపోను. నన్ను చూపించి చెప్పాడు. "ఈయన చానా గొప్పోడు సార్. పేటలో ఈయనంత పనోడు లేడు. చచ్చిపోయిన మా తాతకి కళ్ళు పెట్టాడు. బతికున్నట్టే ఉంటాడు మా తాత."

కంపెనీ కుర్రాడు నా వంక జాలిగా చూసి మెత్తగా అడిగాడు. "పెద్దాయనా, చచ్చినోళ్ళకి కళ్ళు పెట్టగలిగిన మీకు చేపలు పెట్టడం ఒక లెక్కా?"

ఈసారి నవ్వు వెనక వరసల దాకా పోయింది. నేను కుర్చీలో కూలబడ్డాను. ఇన్నేళ్ళ నా పనితనం, నాకు దణ్ణాలు పెట్టించిన పనితనం, లేచి నిలబడి నాకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పింది. ఆవిడ నా వైపు తిరిగి చూడలేదు. అదే మేలనిపించింది.

సభ నడిపిస్తున్న అధికారిణి అప్పటిదాకా పెద్దగా మాట్లాడలేదు. పొద్దుట్నుంచీ ఆవిడ ఆ ఫ్లెక్సీకి వీపు పెట్టే కూర్చుంది. రెండు ఫొటోల మీద ఇంత గొడవ జరుగుతుంటే మొదటిసారి కుర్చీ తిప్పుకుని చూసింది. చేపల ఫొటోని కాదు, నేను శుభ్రం చేసిన దాన్ని. మైకు స్టాండు పక్కకి జరపమంది. దాని వెనక ఆ నలుగురు మనుషులు ఉన్నారు, నిలువెత్తున. చూసి చూసి, ఎవరినీ ప్రత్యేకంగా ఉద్దేశించకుండా అడిగింది.

"ఇంత మంచి ఏరు ముందు వీళ్ళందరూ ముక్కులెందుకు మూసుకున్నారు?"

చూస్తే నిజమే. అది సిగ్గు కాదు. ఆ కొంగు మొహం మీద లేదు, గట్టిగా ముక్కు మీద నొక్కి ఉంది. నేను మెరుగు పెట్టిన అంచు కింద ఆవిడ వేళ్ళు బిగుసుకుని ఉన్నాయి. తువ్వాళ్ళు మౌనం కోసం కాదు. నాలుగు ముక్కులూ మూసే ఉన్నాయి. చేపలన్నిటినీ తీసేశాను గాని, కంపును తియ్యడం నాకు చేతకాలేదు. పైగా దాన్ని అందరికీ తేటగా కనిపించేటట్టు దిద్దిపెట్టాను. ఎన్ని రోజులు ఆ బొమ్మ ముందు నిలబడి ఎంతమందికి ఎన్ని అర్థాలు చెప్పానో తలుచుకుంటే, షామియానా గుంజ చాటుకి పోయి నిలబడాలనిపించింది.

కంపెనీ కుర్రాడు ఎండకి అయ్యుంటుందండీ అన్నాడు. అతనికే నమ్మకం లేనట్టు గొంతు తగ్గింది.

మిషన్ మీద కుట్టావా అని ఎగతాళి చేసిన పెద్దాయన అప్పటికే లేచి నిలబడి ఉన్నాడు. కళ్ళు ఫ్లెక్సీ మీది రెండో మనిషి మీద ఉన్నాయి. కొంచెంసేపటికి తల మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఆ మనిషి మా నాయన," అన్నాడు. "ఒకటే కంపమ్మా. అన్నం తినేటప్పుడు కూడా మా నాయన ముక్కు మీద గుడ్డ తియ్యలా. నాకు ఎరుకే."

కూర్చోలేదు. జాకెట్లు కుట్టే ఆవిడ వైపు తిరిగి, "మీ మేనత్తను మోసినోళ్ళలో నేనూ ఉన్నా గదమ్మా," అన్నాడు.

ఆ తరవాత ఇంకెవరినీ అడగవలసిన పని లేకపోయింది. ఒక ముసలమ్మ గేదెల సంగతి చెప్పింది. ఒకాయన బావులు పూడ్చిన సంగతి చెప్పాడు. ముందు వరసలోవాళ్ళు కూడా వెనక్కి తిరిగి కూర్చుని విన్నారు. జాకెట్లు కుట్టే ఆవిడ అలాగే నిలబడి ఉంటే పక్కనున్నవాళ్ళు కుర్చీ లాగి వేశారు. అధికారిణి అన్నీ రాయించింది, రెండు ఫొటోలనూ జతచెయ్యమంది. ఫ్యాక్టరీ సంగతి ఇంకా పై ఆఫీసుల్లోనే తిరుగుతోంది, ఏమవుతుందో నేను చెప్పలేను. ఆ ఊళ్ళో మాత్రం ఆవిడ అబద్ధమాడిందని మళ్ళీ ఎవరూ అనలేదు.

నేను ఆ ఏడాదే పని మానేశాను. కళ్ళకు శుక్లాలొచ్చాయి, డాక్టరు అదే కారణమన్నాడు, నేనూ అదే చెప్పుకుంటున్నాను. పిల్లలారా, మచ్చలు తుడవండి, వద్దనను. కానీ తుడిచేముందు ఆ బొమ్మలో ఉన్న మనుషులు ఏం చేస్తున్నారో ఒక్కసారి చూడండి. నేను వాళ్ళను దిద్దాను గాని, చూడలేదు.

ఈ మధ్య అటు వెళ్ళినప్పుడు ఆవిడ కొట్టు దగ్గర ఆగాను. గోడకు రెండు ఫొటోలూ పక్కపక్కన కట్టించింది, నేను చేసిందీ, వాళ్ళ నాయన తీసిందీ. జాకెట్టు కొలతలు ఇవ్వడానికి ఎవరో కొత్త కోడలు వచ్చింది. చేపలు లేని దాని ముందు ఆగి, ఎంత బాగుందక్కా, ఎవరు చేశారిది అని అడిగింది.

ఆవిడ మిషన్ తొక్కుతూనే, తలెత్తకుండా, "అడుగో, ఆ బాబాయే," అంది.

ఆ అమ్మాయి నా వైపు తిరిగింది. నేను భుజం మీది కండువా తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను. జలుబనుకుని ఉంటుంది.